వంగిన రేఖ చెప్పు సత్యము: ఫ్లోరైడ్ నీరును, వక్రరేఖా సంధాన పద్ధతులును

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల వారికి ఫ్లోరైడ్ అను మాటను పరిచయము చేయవలసిన పని లేదు. గార పట్టిన పండ్లు, నడివయస్సు రాకముందే వంగిన నడుములు, బిగిసిన కీళ్ళు మన పల్లెలలో పెద్దలు కన్నులార చూచినవే. ఈ విషయమును గూర్చి వైద్యులు, ఇంజనీర్లు, పత్రికలవారు ఎంతయో వ్రాసిరి. మేము ఈ వ్యాసమున తలపెట్టినది వేరొక ప్రశ్న. నీటిలోని ఫ్లోరైడ్ పరిమాణమునకును, మనుష్యుని దేహమునకు కలుగు హానికిని గల సంబంధమును కాగితముపై ఒక రేఖగా గీయవలసి వచ్చినపుడు ఆ రేఖ ఎట్టిదై యుండవలెను? తిన్నని గీతయా, మెట్టు వలె ఒక్కసారిగా పైకి లేచునదా, లేక వంపులు గలదియా?

ఇది చిత్రలేఖనమునకు సంబంధించిన ప్రశ్న వలె తోచవచ్చును. కాని ఏ ఊరి బోరును మూయవలెను, ఏ ఊరికి ముందుగా మంచినీరు తేవలెను, ఎంత మోతాదు వరకు నిర్భయముగా త్రాగవచ్చును అను నిర్ణయములన్నియు ఆ రేఖ ఆకారముపై ఆధారపడియున్నవి. రేఖ తప్పుగా గీచినచో తప్పు కాగితము మీదనే నిలిచిపోదు. అది పిల్లల ఎముకలలోనికి ప్రవేశించును.

ఉర్దూ మాధ్యమమున చదివిన మన మిత్రులు సరళరేఖను ఖత్తె ముస్తఖీమ్ అనియు, వక్రరేఖను ఖత్తె మున్‌హనీ అనియు అందురు. 1918లో ఉర్దూ బోధనా మాధ్యమముగా ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున గణితము సైతము ఆ భాషలోనే బోధింపబడినది. భాష ఏదైనను భావమొక్కటే. ముస్తఖీమ్ అనగా తిన్ననిది, సక్రమమైనది. కాని ప్రకృతి ఎల్లపుడును తిన్నగా నడువదు.

సమస్య పూర్వచరిత్ర

మన దేశమున ఎముకల ఫ్లోరోసిస్‌ను గూర్చి తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వెలువడినది. షార్ట్ మొదలగు వైద్యులు అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా రోగులను పరిశీలించి దానిని ప్రకటించిరి. నల్లగొండ జిల్లా స్థితిని ప్రపంచమునకు తెలిపినవారు ఎ. హెచ్. సిద్దిఖీ. ఆయన వ్యాసము 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయినది. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు, ఫ్లోరోసిస్ ప్రాంతములలోని యువకులలో మోకాళ్ళు ఒకదానికొకటి తాకునట్లు కాళ్ళు వంకరపోవు వ్యాధిని లాన్సెట్ పత్రికలో వివరించిరి. నీటినుండి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నములతో తొలగించు విధానమును నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించగా, దానికి ప్రపంచమంతట నల్లగొండ పద్ధతి యనియే పేరు వచ్చినది. ఒక జిల్లాకు ఇట్టి కీర్తి కలుగుట గర్వింపదగినదో, దుఃఖింపదగినదో చెప్పుట కష్టము.

దీనికి మూలము మన నేలలోనే కలదు. ఇచ్చటి అతి ప్రాచీన గ్రానైటు శిలలలో ఫ్లోరైడ్ గల ఖనిజములున్నవి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీరు రాతి పగుళ్ళలో దీర్ఘకాలము నిలిచి ఆ ఖనిజములను కరగించుకొనును. అందువలన ఒకే ఊరిలో ఒక బావి నీరు నిరపాయముగ నుండి, దాని సమీపమునగల బోరు నీరు అనేక రెట్లు ఫ్లోరైడ్ కలిగియుండుట సంభవించును. సాంఖ్యక శాస్త్రజ్ఞునికి ఇది ముఖ్యమైన సంగతి. మోతాదులలో ఇంతటి వైవిధ్యము ఉన్నచోటనే మోతాదునకును, ఫలితమునకును గల సంబంధపు ఆకారమును తెలిసికొన వీలగును.

ముందుగా ఒక చిన్న లెక్క

విద్యార్థి మిత్రులారా, పెన్సిలును, గ్రాఫు కాగితమును తీసికొనుడు. ఈ క్రింది సంఖ్యలు ఏ గ్రామమునకును చెందినవి కావు. పాఠము కొరకు మేము కల్పించినవి మాత్రమే. ఏడు గ్రామముల నీటిలో ఫ్లోరైడ్ పరిమాణమును, ఆ గ్రామములలో నూరుమంది పిల్లలకు గార పండ్లు గలవారి సంఖ్యను ఇట్లు ఊహింతము.

ఫ్లోరైడ్ (లీటరుకు మిల్లీగ్రాములు): 0, 1, 2, 3, 4, 5, 6
గార పండ్లు గల పిల్లలు (నూటికి): 4, 6, 20, 40, 60, 74, 76

ఈ చుక్కలను గ్రాఫుపై గుర్తించినచో, మొదట చదునుగా సాగి, మధ్య నిటారుగా లేచి, చివర మరల చదునైన ఆకారము కానవచ్చును. చాల ఔషధములకును, విషములకును మోతాదు–ఫలితముల సంబంధము ఇట్లే యుండును. దేహము కొంతవరకు సహించును, పిదప సహింపలేదు, చివరకు హాని కలుగవలసిన వారందరికిని కలిగిపోవును.

సరళరేఖ ఏమి చెప్పును?

డిగ్రీ తరగతిలో నేర్పు కనిష్ఠ వర్గముల పద్ధతిని ప్రయోగింతము. మోతాదుల సగటు 3, ఫలితముల సగటు 40. లెక్కింపగా వాలు 14 వచ్చును. అనగా రేఖా సమీకరణము y = 14x – 2. సహసంబంధ గుణకము 0.98. ఇంతటి గుణకమును చూచి పరీక్షలో విద్యార్థి సంతోషించును. పరిశోధకుడు నివేదిక వ్రాసి ముగించును.

కాని ఒక్క క్షణము ఆగి చూడుడు. ఫ్లోరైడ్ లేని ఊరిలో ఈ రేఖ ప్రకారము గార పండ్లవారు నూటికి –2. సున్న కంటె తక్కువమంది పిల్లలెట్లుందురు? రేఖను 8 మిల్లీగ్రాముల వరకు పొడిగించినచో ఫలితము 110. నూటికి నూటపదిమంది యెచ్చట? అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ప్రతి గ్రామమున అసలు సంఖ్యనుండి రేఖ చెప్పిన సంఖ్యను తీసివేయుడు. వచ్చు అవశేషములు వరుసగా 6, –6, –6, 0, 6, 6, –6. ఇవి యాదృచ్ఛికముగ చెదరినవి కావు. ఒకే గుర్తుగలవి జతలుగా నిలిచినవి. అవశేషములలో క్రమము కనబడినదనగా, రేఖ చూడలేకపోయిన సత్యమేదో అక్కడ మిగిలియున్నదని అర్థము.

ఈ తప్పిదము ఫలితమేమి? 1 మిల్లీగ్రాము గల ఊరిలో సరళరేఖ హానిని రెట్టింపు చేసి చూపినది. అసలు 6, రేఖ చెప్పినది 12. 4, 5 మిల్లీగ్రాములున్న ఊళ్ళలో హానిని తగ్గించి చూపినది. భయపడనక్కరలేనిచోట భయమును, తొందరపడవలసినచోట నిదానమును ఈ రేఖ నేర్పును. అవశేషముల వర్గముల మొత్తము 216. ఈ సంఖ్యను గుర్తుంచుకొనుడు.

రెండు గదులుగా విభజించుట

కార్యాలయములందు తరచుగ కానవచ్చు పద్ధతి మరియొకటి. ఒక హద్దును నిర్ణయించి, దానికి దిగువనున్న ఊళ్ళను మంచివనియు, ఎగువనున్న వానిని చెడ్డవనియు విభజింతురు. త్రాగునీటిలో ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. భారత ప్రమాణముల ప్రకారము 1 మిల్లీగ్రాము ఆమోదయోగ్యము. వేరు నీరు లభింపనిచోట 1.5 వరకు అనుమతింతురు. పాలనకు ఇట్టి హద్దులు అవసరమే. కాని పాలనకు పనికివచ్చు హద్దును విశ్లేషణకు కూడ వాడుట పొరపాటు.

పై ఉదాహరణమున 1.5కు దిగువన రెండు ఊళ్ళున్నవి; సగటు 5. ఎగువన అయిదు ఊళ్ళున్నవి, సగటు 54. ఇపుడు 2 మిల్లీగ్రాముల ఊరును, 6 మిల్లీగ్రాముల ఊరును ఒకే గదిలో చేరినవి. నూటికి ఇరువదిమంది బాధపడుచోటును, డెబ్బదియారుమంది బాధపడుచోటును 54 అను ఒకే ముద్రతో మిగిలినవి. ఏ ఊరికి ముందుగా పైపు వేయవలెనో ఈ సగటు చెప్పజాలదు. పైగా 1.4 ఉన్న ఊరు నిశ్చింతగా నిదురించును, 1.6 ఉన్న ఊరు ఆందోళన పొందును. ప్రకృతి ఆ రెంటి మధ్య గోడ కట్టలేదు, కట్టినవారము మనమే.

అన్ని చుక్కలను తాకు రేఖ

సరళరేఖ చాలనిచో వంపులుగల బహుపదిని ప్రయోగింతమని చురుకైన విద్యార్థి సూచించును. ఈ ఏడు చుక్కలకు y = 4 – 6x + 9x² – x³ అను ఘన బహుపదిని పరీక్షించి చూడుడు. ఆశ్చర్యము! ఏడు చుక్కలును ఆ రేఖపైననే ఉన్నవి. అవశేషములన్నియు సున్న. ఇంతకంటె ఉత్తమమైన రేఖ ఉండునా?

ఇపుడు దానిని 8 మిల్లీగ్రాముల వరకు పొడిగింపుడు. ఫలితము 20. తొమ్మిదికి పొడిగించిన –50. విషము పెరిగినకొలది పండ్లు బాగుపడునని ఈ రేఖ చెప్పుచున్నది! పరిశీలించిన గ్రామములలో ఒక్క తప్పును చేయని రేఖ, పరిశీలింపని గ్రామమున అడుగు పెట్టగానే అసత్యమాడినది. బహుపదికి స్వభావసిద్ధమైన దోష మొకటి కలదు. ఒకచోట వంచినచో మరియొకచోట అదుపు తప్పును; ముఖ్యముగ కొనలయందు. ఉన్న చుక్కలకు అమరుటయే మంచి రేఖకు లక్షణము కాదనియు, లేని చుక్కలను గూర్చి వివేకముతో పలుకుట దాని అసలు పరీక్ష యనియు ఈ ఉదాహరణమువలన గ్రహింపవలెను.

వెదురుబద్ద చెప్పిన ఉపాయము

మేదరి బుట్ట అల్లునపుడు వెదురుబద్దను ఎట్లు వంచునో మీరు చూచియుందురు. బద్దను విరువడు, కొన్నిచోట్ల ఒత్తిపట్టి, తక్కినచోట్ల దాని దారిన దానిని వంగనిచ్చును. పూర్వము నౌకలను నిర్మించువారును ఇట్లే పలుచని కొయ్యబద్దను సీసపు బరువులతో అక్కడక్కడ నిలిపి నున్నని వంపులను గీచుకొనెడివారు. ఆ బద్దకు ఆంగ్లమున స్ప్లైన్ అని పేరు. 1946లో షోయెన్‌బర్గ్ అను గణితవేత్త ఆ పేరునే గణితమున ప్రవేశపెట్టెను.

స్ప్లైన్ పద్ధతి సారమిది. మోతాదుల అక్షమును కొన్ని భాగములుగా విభజింపుము. ప్రతి భాగమునకు ఒక చిన్న బహుపదిని ఇమ్ము. భాగములు కలియుచోట్లకు ముడులని పేరు. ముడి వద్ద రేఖ తెగరాదు. ఘన స్ప్లైనులందు వాలుకూడ తటాలున మారరాదు. వంపుకూడ తటాలున మారరాదు. ఈ నియమములకు లోబడి రేఖ తనకు కావలసినచోట వంగవచ్చును. ఒకచోటి వంపు దూరముననున్న మరియొక కొనను అంతగా కదిలింపదు. బహుపదికిని, స్ప్లైనుకును గల ముఖ్యమైన భేదమిదియే.

మన ఉదాహరణమునకు చేతితో గీయదగిన సులభమైన రూపమును తీసికొందము. 1 వద్దను, 5 వద్దను ముడులు వేయుదము. మొదటి ముడి వరకు ప్రతి మిల్లీగ్రామునకు 2 చొప్పున, రెండు ముడుల నడుమ 17 చొప్పున, రెండవ ముడి తరువాత మరల 2 చొప్పున రేఖ లేచునట్లు గీయుదము. వచ్చు విలువలు 4, 6, 23, 40, 57, 74, 76. అవశేషములు రెండుచోట్ల మాత్రమే ఉండి, వాని వర్గముల మొత్తము 18 అగును. కనిష్ఠ వర్గముల పద్ధతిని వాడినచో ఇది 14.4కు తగ్గును. సరళరేఖకు 216 అని మరువకుడు. చేతితో గీచిన రేఖనే 8 మిల్లీగ్రాములకు పొడిగించినచో 80 వచ్చును; అసంభవము కాని సంఖ్య. నూరును దాటలేదు, సున్నకు పడలేదు.

అయితే ఈ తిన్నని చివరిభాగమును కూడ మిక్కిలి దూరము లాగినచో అది సైతము నూరు దాటును. అందువలన ఉన్నది–లేదు అని చెప్పదగిన ఫలితములకు శాతమును నేరుగా వాడక, కలిగినవారికిని, కలుగనివారికిని గల నిష్పత్తి యొక్క లాగరిథమ్‌ను తీసికొని దానికి రేఖను అమర్తురు. అప్పుడు ఏ మోతాదునకైనను ఫలితము సున్నకును, నూరుకును మధ్యనే నిలుచును.

పరిశోధకులు సాధారణముగ వాడునది కొనలను కట్టివేసిన ఘన స్ప్లైను. మొదటి ముడికి ముందును, చివరి ముడికి తరువాతను అది సరళరేఖగా సాగును. చుక్కలు తక్కువగా నుండు కొనలయందు వింత వంపులు పోవుటకు దానికి స్వేచ్ఛ లేదు. కొయ్యబద్ద కూడ చివరి బరువు దాటిన పిదప తిన్నగా నుండును గదా!

ఈ పద్ధతిని మీరు తెలియకయే చూచియున్నారు. అంగన్‌వాడీలో బిడ్డ బరువును గుర్తించు పటముపై వంగుచు సాగు రేఖలు ఈ కోవకు చెందినవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశముతో సహా ఆరు దేశముల పిల్లలను పరిశీలించి 2006లో ప్రకటించిన ఎదుగుదల ప్రమాణములను ఘన స్ప్లైనుల సహాయముతో నున్నగా చేసిరి. ఎదుగుదల రేఖల విశ్లేషణయందు తెలుగువారికి గర్వకారణమైన పేరు కూడ కలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమభ్యసించిన కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు 1958లో ఎదుగుదల వక్రరేఖలను పోల్చు పద్ధతులపై వ్రాసిన వ్యాసము ఈ శాస్త్రమున ప్రసిద్ధము. 2023లో వారికి అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమానము లభించినది. ఆ సంవత్సరముననే నూట రెండేండ్ల వయస్సున వారు పరమపదించిరి.

ఎన్ని ముడులు వేయవలెను?

ఇది ఈ పద్ధతికి ప్రాణమైన ప్రశ్న. ముడులు తక్కువైనచో రేఖ బిగిసి సత్యమును చూడజాలదు. ఎక్కువైనచో ప్రతి చుక్క వెంట పరుగెత్తి, కొలతలలోని పొరపాట్లను కూడ సత్యమని భ్రమించును. మా ఉదాహరణమున ఏడు గ్రామములకు నాలుగు గుణకములను వాడితిమి. పాఠమునకు చెల్లును గాని నిజమైన పరిశోధనకు అది చెల్లదు. వందలకొలది పరిశీలనలున్నచోట సాధారణముగ 3 మొదలు 5 ముడులు చాలును. వానిని ఫలితమును చూచి కాక, మోతాదుల పంపకమును బట్టి ముందుగనే నిర్ణయింపవలెను. ఫలితమును చూచి ముడి వేయుట, బాణము గ్రుచ్చుకొన్న పిదప దాని చుట్టు వలయము గీచి గురి కుదిరినదని చెప్పుట వంటిది.

మరియొక మార్గమున ముడులను ధారాళముగ వేసి, రేఖ వంకరపోయిన కొలది దానికి జరిమానా విధింతురు. చుక్కలకు దగ్గరగా పోవుటవలన కలుగు లాభమును, వంపులకు చెల్లింపవలసిన జరిమానాను తూచి, రెండింటికిని సమాధానము కుదిరినచోట రేఖ నిలుచును. జరిమానా ఎంత యుండవలెనో తెలిసికొనుటకు చక్కని ఉపాయము కలదు. ఒక గ్రామమును ప్రక్కన నుంచి తక్కిన గ్రామములతో రేఖను గీయుము; ఆ రేఖ విడిచిన గ్రామమును గూర్చి ఎంత సరిగా చెప్పినదో చూడుము. ఇట్లే ప్రతి గ్రామమునకును చేయుము. మొత్తముమీద తక్కువ తప్పు చేసిన జరిమానాయే తగినది. చూడని ఊరిని గూర్చి చెప్పగలుగుటయే పరీక్ష యని మేము పైన చెప్పిన మాటకు ఇది ఆచరణరూపము.

ఇవి కాక 1979లో క్లీవ్‌లాండ్ ప్రతిపాదించిన పద్ధతి యొకటి కలదు. దానియందు ప్రతి బిందువునకు దాపుననున్న చుక్కలకు ఎక్కువ విలువను, దూరపు వానికి తక్కువ విలువను ఇచ్చి, అక్కడికక్కడ చిన్న రేఖలను గీచి కలుపుదురు. 1994లో రాయ్‌స్టన్, ఆల్ట్‌మన్‌లు సూచించిన మరియొక పద్ధతియందు వర్గము, ఘనము మాత్రమే కాక వర్గమూలము, లాగరిథమ్, విలోమము మొదలగు ఎనిమిది రూపములనుండి ఒకటి రెండింటిని ఎన్నుకొందురు. మొదట వేగముగ లేచి పిదప నెమ్మదించు సంబంధములకు అది మిక్కిలి అనుకూలము.

ఒక్క నీరే కాదు

ఫ్లోరోసిస్‌కు నీరు ఒక్కటే కారణమని చెప్పిన కథ పూర్తికాదు. వయస్సు, ఆ నీటిని త్రాగిన సంవత్సరముల సంఖ్య, ఆహారము, ఎండలో చేయు కాయకష్టము, ఇవన్నియు చేరును. జొన్న ఆహారముగా గలవారి దేహమున వరి తినువారి దేహముకంటె ఎక్కువ ఫ్లోరైడ్ నిలుచునని 1977లో ప్రకటితమైన జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన తెలిపినది. జొన్నరొట్టె, గటక మన మెట్టప్రాంతపు పేదల ప్రధానాహారముగ నుండిన కాలమది.

ఇట్టి సందర్భమునకు 1986లో హేస్టీ, టిబ్షిరానీ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన సంకలన నమూనాలు ఉపకరించును. ప్రతి కారణమునకును దాని స్వభావమునకు తగిన వక్రరేఖను వేరుగా అమర్చి, ఆ రేఖల ఫలములను కూడుదురు. ఫ్లోరైడ్‌కొక వంపు, వయస్సునకొక వంపు, ఆహారమునకొక తేడా. ఒక రేఖను చూచునపుడు తక్కినవాని ప్రభావము తొలగింపబడియుండును. వయస్సుతో పెరిగిన కీళ్ళనొప్పిని నీటి తప్పుగా భావింపకుండుటకును, నీటి తప్పును వయస్సుపై నెట్టకుండుటకును ఇది అవసరము.

మూడు హెచ్చరికలు

మొదటిది. ఒకే బోరు నీరు త్రాగు నూరుమంది పిల్లలు నూరు స్వతంత్ర సాక్షులు కారు. ఆ నీటిని గూర్చి వారందరును చెప్పునది చాలవరకు ఒకే సాక్ష్యము. ఏడు గ్రామములలో ఏడువందలమంది పిల్లలను చూచినను, నీటి విషయమున మన జ్ఞానము ఏడువందలకంటె ఏడుకే దగ్గరగా నుండును. కావున ముడుల సంఖ్యను పిల్లల సంఖ్యను బట్టి కాక గ్రామముల సంఖ్యను బట్టి నిర్ణయింపవలెను.

రెండవది. శాశ్వత దంతముల పైపొర ఇంచుమించు ఎనిమిదేండ్ల లోపుననే ఏర్పడును. కనుక నలువదియేండ్ల మనిషి పండ్లు నేటి నళ్ళా నీటిని గూర్చి చెప్పవు. అతని బాల్యమునాటి బావిని గూర్చి చెప్పును. 2016 తరువాత మిషన్ భగీరథ పైపులద్వారా మన పల్లెలకు నదీజలములు చేరినవి. నేటి నీటిని పరీక్షించి, పెద్దల పండ్లతో దానిని జతచేసి రేఖ గీచినచో, ఫ్లోరైడ్‌కును, గారకును సంబంధమే లేదను వింత ఫలితము రాగలదు. ఎంత మెత్తని స్ప్లైను కూడ తప్పు కొలతను సరిదిద్దజాలదు. మోతాదును తప్పుగా కొలచినకొలది రేఖ చదునై, అసలున్న వంపు కనుమరుగగును.

మూడవది. రేఖతోపాటు దాని యిరుప్రక్కల విశ్వాస పట్టీని తప్పక గీయవలెను. గ్రామములు ఎక్కువగానున్న మోతాదుల వద్ద ఆ పట్టీ సన్నముగ నుండును. ఒకటి రెండు ఊళ్ళే యున్న కొనలవద్ద విప్పారును. పట్టీ వెడల్పైనచోట రేఖ పైకి వంగినను, క్రిందికి వంగినను దానిపై వాదములు కట్టరాదు. పట్టీ లేని రేఖ, తనకు తెలిసినదెంతయో చెప్పక అంతయు తెలిసినట్లు మాటలాడు మనిషి వంటిది.

రేఖనుండి హద్దు వరకు

సంబంధపు ఆకారమునుండి లోకమునకు మేలు కలిగిన ఉదాహరణమును చెప్పి ముగింతము. అమెరికాలో ట్రెండ్లీ డీన్ అను దంతవైద్యుడు 12 మొదలు 14 ఏండ్ల పిల్లలను 7,257 మందిని 21 పట్టణములలో పరీక్షింపగా, ఆ ఫలితములు 1942లో వెలువడినవి. నీటిలో ఫ్లోరైడ్ సున్న నుండి లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు పెరుగుచుండగా పుచ్చుపండ్లు వేగముగ తగ్గినవి. 1 దాటిన పిదప అదనపు మేలు స్వల్పము. గార మాత్రము పెరుగసాగినది. ఒక రేఖ క్రిందికి దిగి చదునైనది. మరియొకటి పైకి లేచినది. ఆ రెంటి నడుమనున్న మలుపే ఒక మిల్లీగ్రాము అను సంఖ్యకు పుట్టినిల్లు. తిన్నని గీతనే నమ్ముకొనియున్నచో ఆ మలుపు కనబడెడిది కాదు.

అయితే ఆ మలుపు అన్ని దేశములకు ఒక్కటి కాదు. ఎండ ఎక్కువగానున్నచోట మనిషి ఎక్కువ నీరు త్రాగును. 1957లో గలగన్, వెర్మిలియన్‌లు ఉష్ణోగ్రతను బట్టి తగిన ఫ్లోరైడ్ పరిమాణమును లెక్కించు సూత్రమును ప్రకటించిరి. దాని ప్రకారము సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నచోట 1.25 మిల్లీగ్రాములు తగినవి. 90 డిగ్రీలున్నచోట 0.65 మాత్రమే. అనగా ఇంచుమించు సగము. ఆ సూత్రమున ఉష్ణోగ్రతతోపాటు త్రాగునీరు తిన్నగా పెరుగును. కాని తగిన మోతాదు దానికి విలోమముగ నుండుటచే వంగుచు దిగును. పాలమూరు ఎండలో మట్టి తట్టలు మోయు కూలీ దినమునకు ఎన్ని చెంబుల నీరు త్రాగునో తలంచినచో, చల్లని దేశపు హద్దు మనకేల సరిపడదో తెలియును.

మన కర్తవ్యము

ఈ లెక్కలు చేయుటకు ఒకప్పుడు పెద్ద కంప్యూటర్లు కావలసియుండెను. నేడు ఆర్ అను ఉచిత సాఫ్ట్‌వేర్ సాధారణ కంప్యూటరుపై క్షణములలో స్ప్లైనును గీచిపెట్టును. అందువలన కష్టము లెక్కయందు లేదు, వివేచనయందున్నది. మొదట చుక్కలను గ్రాఫుపై చేతితో గుర్తింపుడు. తరువాత సరళరేఖను గీచి అవశేషములను చూడుడు. అవి క్రమము లేక చెదరియున్నచో సరళరేఖతోనే తృప్తిపడుడు. అవసరము లేనిచోట వంచుట కూడ అసత్యమే. క్రమము కనబడినచో, గ్రామముల సంఖ్య అనుమతించినంతవరకు మాత్రమే రేఖను వంగనిండు.

సిద్దిఖీ గారు వ్రాసిననాటి నల్లగొండ వేరు, నేటి నల్లగొండ వేరు. బోరునీటి స్థానమున కృష్ణాజలములు పారుచుండగా, కొత్త తరపు పిల్లల పండ్లు తెల్లగా మెరయవలెనని మా ఆకాంక్ష. ఆ మార్పు ఏ ఊరిలో ఎంతవరకు కలిగినదో, ఏ తండాలో ఇంకను మిగిలియున్నదో జిల్లా సగటు చెప్పదు. ఊరూరికి వెళ్ళి, పిల్లల వయస్సును, వారు బాల్యమున త్రాగిన నీటిని జాగ్రత్తగా వ్రాసికొని గీచిన రేఖయే చెప్పగలదు. ఉర్దూ, తెలుగు రెండును వచ్చిన మన కళాశాల విద్యార్థులు ఏ గడపకు పోయినను ఆ యింటి భాషలోనే ప్రశ్నింపగలరు. సాంఖ్యక శాస్త్రము చదువు విద్యార్థికి ఇంతకంటె గొప్ప ప్రయోగశాల వేరొకచోట లేదు. ప్రతి చుక్క వెనుక ఒక బిడ్డ యున్నదని మరువక రేఖను గీయుదము.